గుర్రం వీపు నొప్పికి మాగ్నెట్ మెషిన్ అంటున్నారు, 18 వేలు పెట్టొచ్చా?

బీచ్‌రోడ్_రమణ
మాకు రెండు గుర్రాలున్నాయి. సాయంత్రం పూట ఆర్కే బీచ్‌లో జనాన్ని ఎక్కించి తిప్పుతాం, ముహూర్తాలప్పుడు పెళ్ళి ఊరేగింపులకు పంపుతాం. నాన్న మొదలుపెట్టిన పని, ఇప్పుడు నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. పెద్దది రాణి, తొమ్మిదేళ్ళు. మూడు వారాలుగా జీను పట్టుకుని దగ్గరికి వెళ్తే చాలు, చెవులు వెనక్కి పెట్టేస్తోంది. కడుపు కింద పట్టీ బిగిస్తుంటే వీపు కిందికి దించేస్తోంది. నిన్న తమ్ముడి భుజం కొరకబోయింది, ఇన్నేళ్ళలో ఎవర్నీ కరిచింది లేదు అది. కుంటడం లేదు, మేత బాగానే తింటోంది.

మొన్న ఒకాయన వచ్చాడు. హైదరాబాద్ నుంచి మెషిన్ తెచ్చాడట, సైకిల్ ట్యూబంత రింగు, దాన్ని వీపు మీద పెడితే అయస్కాంత తరంగాలు లోపలికి వెళ్ళి కండరాలు బాగవుతాయంటున్నాడు. పీఈఎంఎఫ్ అంటారట. పది సిట్టింగులు, 18 వేలు. ఇంకోపక్క పెదవాల్తేరులో ఒక పెద్దాయన నూనె పెట్టి మాలీసు చేస్తానంటున్నాడు, రోజుకి 300. తమ్ముడు మెషిన్ అంటాడు, అమ్మ మాలీసు అంటుంది. 18 వేలంటే మాకు మాటలు కాదు. చేయించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఉలవచారు_ఉమా
మా ఆయన నడుం నొప్పని ఆరు నెలల్నుంచి మూలుగుతున్నాడు, నేను మూడొందలు పెట్టి ఎవర్నీ పిలవలేదు. రాణి పెట్టిపుట్టింది.

కంచరపాలెం_కుర్రోడు
మెషిన్‌కే వెళ్ళు అన్నా. మా రాకీగాడికి కాలు విరిగి ఎముక ఎంతకీ అతుక్కోకపోతే ఇలాంటిదే పెట్టారు, నెలన్నరకి పరిగెత్తాడు. మాలీసులు అవీ తాతల కాలం నాటివి.

ఎంవీపీ_మేడమ్
బీచ్‌లో గుర్రాలు ఎక్కడం మానేస్తే ఏ మెషినూ అక్కర్లేదు.

బీచ్‌రోడ్_రమణ
మేడమ్, మానేస్తే దాని ఉలవలు ఎవరు కొంటారో కూడా చెప్పండి.

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్
నేను ముప్పై ఏళ్ళు మోటార్లు, కాయిళ్ళ మధ్య పనిచేసినవాణ్ణి. గుర్రం గురించి తెలియదు, కాయిల్ గురించి చెప్తాను. ఈ మెషిన్‌లో మాయేమీ లేదు. తీగచుట్టలో కరెంటు ఆగి ఆగి పంపిస్తే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతూ పోతూ ఉంటుంది. మారుతున్న క్షేత్రం పక్కనున్న వాహకంలో కరెంటు పుట్టిస్తుందని ఫారడే 1831లోనే చూపించాడు. ఇక్కడ ఆ వాహకం గుర్రం ఒళ్ళు, అంతే. ఫ్రిజ్ తలుపుకి అంటించే బిళ్ళల్లాంటి మామూలు అయస్కాంతాల్ని దుప్పట్లో కుట్టి అమ్ముతారు చూడండి, అవి కదలకుండా ఒంటి మీద పడి ఉంటే కరెంటూ పుట్టదు, ఏమీ పుట్టదు. కాబట్టి ఆ రెండూ ఒకటి కాదు.

ఎన్ని గాస్‌లు (అయస్కాంత బలానికి కొలత) అన్నాడు? ఎక్కడ కొలిచాడు?

బీచ్‌రోడ్_రమణ
5 వేల గాస్ అన్నాడు సార్. ఎక్కడ కొలిచాడో అడగలేదు, అడగాలని తెలిస్తే కదా.

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్
అదే కిటుకు. రింగు మధ్యలో 100 ఉందనుకోండి. రింగు వ్యాసార్ధం ఎంతో అంత దూరం జరిగేసరికి 35 అవుతుంది, దానికి రెండింతలు జరిగితే 9. అంకె ఎప్పుడూ మధ్యలోదే చెప్తారు, లోపల నొప్పి ఉన్న చోటిది చెప్పరు. చిన్న రింగయితే ఇంకా త్వరగా పడిపోతుంది. ఇంకోమాట, మీ ఇంట్లో ఎవరికైనా గుండెలో పేస్‌మేకర్ ఉంటే అది నడుస్తున్నప్పుడు దగ్గరికి రానివ్వద్దు. ఇది సరదాకి చెప్పట్లేదు.

ఉలవచారు_ఉమా
కాళ్ళకి ఇనప లాడాలున్నాయి కదా, గుర్రం వెళ్ళి మెషిన్‌కి అతుక్కుపోదా?

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్
వీపు మీద పెడితే పోదమ్మా.

మలక్‌పేట_మాలీసు
నేను మలక్‌పేట రేసు గుర్రాల దగ్గర 6 ఏళ్ళు పనిచేసి ఇప్పుడు మధురవాడలో కిరాణా పెట్టుకున్నాను. అక్కడ రెండూ చూశాను. మెషిన్ పెడితే గుర్రం కునుకు తీస్తుంది, కింది పెదవి వేలాడేస్తుంది, అది నిజం, కళ్ళతో చూసిందే. మర్నాడు పరుగు మారిందా అంటే ఒక్కోసారి మారేది, ఒక్కోసారి లేదు. మరి ఆ రోజు పని కూడా తగ్గించేవాళ్ళు కదా, ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

మాలీసు మాత్రం నేను చేతులతో చేసినవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికున్నవాళ్ళు చదవండి. మొదట చెయ్యి ఊరికే ఆనించాలి. మెడ మీద, జూలు కింద, వెంట్రుక పడుకున్న వైపే నిమురుతూ మూపు దాకా రావాలి. వెన్నుపూస మీద ఎప్పుడూ నొక్కకూడదు, దానికి రెండు మూడు వేళ్ళ ఎడంగా తాడులా ఒక కండ నడుము దాకా పోతుంది, మనకి కావలసింది అదే. అరచేతి మడమతో మెల్లగా ఒత్తుతూ వెనక్కి వెళ్ళాలి. బాగున్న కండ మెత్తగా లోపలికి పోయి మళ్ళీ పైకొస్తుంది. పట్టేసిన కండ బల్లచెక్కలా ఉంటుంది, లేదా చెయ్యి వెయ్యగానే తోలు గజగజమంటుంది. అక్కడ బలం పెట్టకు, ఉత్తినే చెయ్యి ఉంచి ఆగు. నా గురువు మాటల్లో చెప్పాలంటే, చేతుల్ని కాదు, చెవుల్ని చూడు. చెవులు పక్కలకి వాలి, నోరు చప్పరించి, పెద్ద నిట్టూర్పు విడిస్తే సరైన చోట ఉన్నట్టు. తోక విసిరిందా, కాలు ఎత్తిందా, ఆ పూటకి ఆపెయ్. ఒక పక్కకి 15 నిమిషాలు చాలు. అన్నట్టు, నూనె వద్దు.

బీచ్‌రోడ్_రమణ
నూనె ఎందుకు వద్దు అన్నా? ఆ పెద్దాయన నువ్వుల నూనె ఆయనే తెచ్చుకుంటానన్నాడు.

మలక్‌పేట_మాలీసు
నువ్వుండేది బీచ్‌లో తమ్ముడూ. నూనె వీపు మీద ఇసుక పడితే గరుకు కాగితం అవుతుంది, దాని మీద జీను వేస్తే పుండే. పొడి చేత్తో చెయ్యమను, లేదంటే వద్దను.

గరివిడి_డాక్టరమ్మ
గరివిడి వెటర్నరీ కాలేజీలో చదివి ఇప్పుడు ప్రాక్టీసులో ఉన్నాను. పైన రాసిందంతా చదివాను. మాలీసు ఎలా చెయ్యాలో చెప్పారు, మెషిన్ ఎలా పనిచేస్తుందో చెప్పారు, వీపు ఎందుకు నొస్తోందో మాత్రం ఒక్కరూ అడగలేదు.

రమణగారూ, ముందు ఇవి చూసి రాయండి. జ్వరం ఉందా, మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నిలబడి ఉన్నప్పుడు నాడి నిమిషానికి 28 నుంచి 44. గిట్టలు తాకితే వేడిగా ఉన్నాయా, గిట్ట పైన కీలు దగ్గర నాడి గట్టిగా కొట్టుకుంటోందా? పని తర్వాత ఒళ్ళు బిగుసుకుపోయి మూత్రం కాఫీ రంగులో వస్తోందా? వీటిలో ఏది ఉన్నా మాలీసూ వద్దు, మెషినూ వద్దు, వెంటనే డాక్టర్‌కి చూపించాలి. ఇవేవీ లేకపోతే రేపు సాయంత్రం పని అవ్వగానే జీను తీసి, తుడవకుండా, వీపు ఫోటో తియ్యండి. చెమట పట్టిన తీరు చూడాలి.

కుర్రోడుగారికి, మీ రాకీ సంగతి నేను కాదనను. అతుక్కోని ఎముకలకి ఈ పద్ధతిని అమెరికాలో 1979లోనే మనుషులకి అనుమతించారు. కానీ ఎముక వేరు, వీపు కండ వేరు. పోలో గుర్రాల వీపు నొప్పి మీద 2014లో ఒక పరీక్ష అచ్చయింది, కొన్నిటికి నిజం మెషిన్, కొన్నిటికి ఉత్తుత్తి మెషిన్, చూసేవాళ్ళకి ఏది ఏదో తెలియదు. చివరికి రెండు గుంపుల మధ్యా తేడా కనబడలేదు. మాలీసుకి వస్తే, 2008లో వచ్చిన ఒక పేపర్‌లో వారం తర్వాత వీపు ఒత్తిడి తట్టుకునే శక్తి సుమారు 12 శాతం పెరిగిందని రాశారు. అయితే అవి అసలు నొప్పి లేని గుర్రాలు, కాబట్టి దాన్ని పట్టుకుని ఎగరక్కర్లేదు.

కంచరపాలెం_కుర్రోడు
సరే డాక్టరమ్మా, ఒప్పుకున్నా. అన్నా, మెషినూ వద్దు మాలీసూ వద్దు, మా నాన్న మోకాళ్ళకి వాడే డైక్లోఫెనాక్ నాలుగు మాత్రలు బెల్లంలో పెట్టి ఇచ్చెయ్.

గరివిడి_డాక్టరమ్మ
దయచేసి ఆ పని చెయ్యకండి. పశువులకి డైక్లోఫెనాక్ మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు పడిన కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. గుర్రాలకి వేరే నొప్పి మందులున్నాయి, వాటితోనూ మోతాదు దాటితే కడుపులో పుళ్ళు పడతాయి. ఇక్కడ ఎవరూ డోసులు రాయొద్దు.

కంచరపాలెం_కుర్రోడు
రాబందుల దాకా వెళ్తుందనుకోలేదు. మాత్రలు నాన్నకే ఇచ్చేశా.

బీచ్‌రోడ్_రమణ
జ్వరం లేదు, నాడి 40, గిట్టలు చల్లగానే ఉన్నాయి, మూత్రం మామూలే. ఇవాళ జీను తీసి చూశాను. ఫోటో ఎక్కట్లేదు, రాస్తాను. వీపంతా తడిసి నల్లగా ఉంది, కుడివైపు మూపుకి కాస్త వెనగ్గా నా అరచేతిలో పట్టేంత మేర మాత్రం పొడిగా ఉంది, దుమ్ము కూడా కదల్లేదు. లైటు పెట్టి చూస్తే అక్కడ ఓ పది పదిహేను తెల్ల వెంట్రుకలు. రాణి ముదురు గోధుమ రంగు, అవి ఎప్పుడొచ్చాయో మేం గమనించనే లేదు. ఎడమవైపు అలా లేదు. వేలితో నొక్కితే కాలు నేలకేసి కొట్టింది.

గరివిడి_డాక్టరమ్మ
నేను అనుకున్నదే. అంత తడిలో అక్కడొక్కటే పొడిగా ఉందంటే జీను అక్కడ బాగా ఒత్తుతోందని. తెల్ల వెంట్రుకలు ఇవాళ్టివి కావు, ఒత్తిడికి తోలు దెబ్బతిని మెల్లగా వస్తాయి. జీను లోపలి చట్రం విరిగిందేమో చూడండి. రాణి బరువెంత ఉంటుంది, ఊరేగింపులో మొత్తం ఎంత పడుతుంది?

బీచ్‌రోడ్_రమణ
ఓ 350 కేజీలు ఉంటుంది. చట్రం బాగానే ఉంది. బీచ్‌లో ఎక్కువగా పిల్లలే. ఊరేగింపు జీనుకి జరీ, అద్దాలు, వెనక రేకు పీఠం ఉంటాయి, అదే ఇరవై కేజీలు ఉంటుంది. పెళ్ళికొడుకు ఓ 85, ముందు తోడుపెళ్ళికొడుకుని కూర్చోబెడతారు, వాడో 15.

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్
120. అంటే గుర్రం బరువులో మూడో వంతు.

గరివిడి_డాక్టరమ్మ
జీనుతో కలిపి అయిదో వంతు దాటకూడదనేది పాత లెక్క. మీ రాణికి 70 కేజీలు. పైగా ఊరేగింపంటే నడక కాదు, బ్యాండు ముందు రెండు గంటలు నిలబడటమే.

ఎంవీపీ_మేడమ్
నేను మొదట్లోనే చెప్పాను.

ఉలవచారు_ఉమా
మేడమ్ మీరు చెప్పింది బీచ్ గురించి, ఇక్కడ దోషి పెళ్ళికొడుకు.

జోడుగుళ్ళపాలెం_జాలరి
నాకు గుర్రాలు తెలియవు గానీ ఒడ్డు తెలుసు. ఆర్కే బీచ్ వైపు రోజూ చూస్తుంటాను, మీ కుర్రాళ్ళు ఎక్కినవాళ్ళని తీసుకుని ఉత్తరం వైపు పోయేటప్పుడు ఫోటోల కోసం నీళ్ళ అంచున తడి ఇసుకలో నడిపిస్తారు. దింపేశాక ఖాళీగా వచ్చేటప్పుడు పైన రోడ్డు వైపు నుంచి వస్తారు. ఉత్తరంగా పోతే సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది కదా, ఒడ్డు ఏటవాలు, కుడి కాళ్ళెప్పుడూ పల్లంలోనే పడతాయి. తిరిగి వచ్చేటప్పుడు కూడా కిందినుంచే వస్తే ఎడమకి మారేది, అలా రావట్లేదు. మనిషిని ఎక్కించుకుని, ఒంటిపక్క వాలుగా, రోజుకి ఎన్ని సార్లు?

బీచ్‌రోడ్_రమణ
ఆదివారం అయితే ముప్పై నలభై. బాబాయ్, ఇది మాకు ఒక్కరికి కూడా తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా అలాగే నడుపుతున్నాం.

మలక్‌పేట_మాలీసు
జాలరి బాబాయ్‌కి దణ్ణం. వాలు మీద జీను పల్లం వైపు జారి అక్కడే ఒత్తుతుంది. మేం ఆరేళ్ళూ చదును నేల మీదే ఉన్నాం, నాకూ తట్టలేదు.

గరివిడి_డాక్టరమ్మ
చాలా మంచి గమనింపు. పైన మెత్తటి పొడి ఇసుకా మంచిది కాదు, కాలు దిగబడి కాలి వెనక స్నాయువు (కండని ఎముకకి కట్టే తాడు లాంటిది) మీద లాగుడు ఎక్కువవుతుంది. తడిసి గట్టిపడిన చదును చోటు మేలు. ఏమైనా డాక్టర్‌ని రప్పించి చెయ్యి పెట్టి చూడనివ్వండి, నేను ఇక్కణ్ణుంచి రాసేది సలహా మాత్రమే.

ఉలవచారు_ఉమా
విరాటుడి కొలువులో దామగ్రంథి పేరుతో గుర్రాలు కాసిన నకులుడు కూడా ఇంత ఆరా తీసి ఉండడు.

బీచ్‌రోడ్_రమణ
అప్‌డేట్ ఇస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు, నాలుగు వారాలు అయిపోయింది.

డాక్టర్‌ని పిలిపించాం. కుడివైపు వీపు కండ పట్టేసిందన్నారు. ఇంకోటి బయటపడింది, లాడాలు కొట్టించి పదకొండు వారాలైంది, గిట్టల ముందు భాగం చెప్పు ముక్కులా పెరిగిపోయింది. ఆరు నుంచి ఎనిమిది వారాలకి తీసి చెక్కించాలట. అయిదు రోజులు మందు, మూడు వారాలు జీను పెట్టకుండా ఊరికే చేత్తో పట్టుకుని నడిపించమన్నారు. ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా వేశారు, గుర్రాలకి అది తొందరగా పట్టుకుంటుందట.

మెషిన్ సంగతి. తమ్ముడు నాకు చెప్పకుండా 2 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాడు, మెషినాయన వెనక్కి ఇవ్వనన్నాడు, సరే ఒక్క సిట్టింగు చేయించాం, అదీ మా డాక్టర్‌ని అడిగాకే. టిక్కు టిక్కుమంటుంది. ప్రతి టిక్కుకీ, ఈగ వాలినప్పుడు తోలు ఎలా అదురుతుందో అలా అదిరింది. పది నిమిషాలకి రాణి కళ్ళు మూసేసింది. నాకు సార్ చెప్పింది గుర్తొచ్చి కొలిచింది ఎక్కడండీ అని అడిగాను, రింగులోనే అన్నాడు. రెండోసారి రమ్మనలేదు.

మాలీసు నేనే చేస్తున్నా, అన్న రాసినట్టు. మొదటి రోజు చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆరో రోజు కుడివైపు ఆ చోట చెయ్యి పెట్టి ఊరికే నిలబడ్డాను, ఎంతసేపో తెలియదు, ఒక్క నిట్టూర్పు విడిచి తలకాయ తెచ్చి నా భుజం మీద ఆనించింది, బరువుకి నేను వంగిపోయాను. ఇది మాలీసు వల్లో, మందు వల్లో, విశ్రాంతి వల్లో చెప్పలేను. పొద్దున్నే సముద్రంలో మోకాళ్ళ లోతులో పది నిమిషాలు నిలబెట్టి మంచినీళ్ళతో కడుగుతున్నాం.

మలక్‌పేట_మాలీసు
మంచినీళ్ళతో కడగడం మాత్రం మర్చిపోకు. ఉప్పు ఆరితే దురద, దురదకి రుద్దుకుంటే మళ్ళీ పుండు.

కంచరపాలెం_కుర్రోడు
మరి ఆదాయం?

బీచ్‌రోడ్_రమణ
రెండో గుర్రం చిన్నోడు ఒక్కడే లాగుతున్నాడు, వాణ్ణి సగం పూటే తిప్పుతున్నాం. రెండు పెళ్ళిళ్ళు వదులుకున్నాం. ఇప్పుడు బుకింగ్‌కి ఫోన్ వస్తే పెళ్ళికొడుకు బరువెంతండీ అని అడుగుతున్నాను. ఒకాయన ఫోన్ పెట్టేశాడు. ఒకావిడ మాత్రం, వాళ్ళ అబ్బాయి 92 అని నవ్వేసి బగ్గీ మాట్లాడుకుంది. రేకు పీఠం పీకేశాం, జీను పన్నెండు కేజీలకి దిగింది. బీచ్‌లో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే దారి పెట్టాం, కుర్రాళ్ళు గొణుగుతున్నారు.

ఎంవీపీ_మేడమ్
మా ఇంట్లో పాత ఉన్ని కంబళి ఒకటుంది, మందంగా, మెత్తగా ఉంటుంది. జీను కింద వేస్తారంటే తీసుకెళ్ళండి.

బీచ్‌రోడ్_రమణ
తప్పకుండా మేడమ్, ఆదివారం వస్తాను. ఇంతకీ ఎవరికైనా గాజువాక, అనకాపల్లి వైపు గుర్రాలకి లాడాలు బాగా కొట్టేవాళ్ళు తెలుసా? మా దగ్గర కొట్టేవాడు ఎద్దులకి కొట్టేవాడు, చెక్కడం రాదు, మేకు కొట్టడమే వచ్చు.

జోడుగుళ్ళపాలెం_జాలరి
భీమిలి దారిలో ఒకతను ఉన్నాడు, వేటకి పోయి వచ్చాక కనుక్కుని చెప్తాను.